పసుపు మీద నల్లగీత

నేను ఒక క్రేన్‌ని. ఓడరేవుల్లో ఉండే బాపతు కాదు. అనకాపల్లిలో మెకానిక్ నూకరాజు ఇంటి వెనక షెడ్డులో, గోడకీ గోడకీ అడ్డంగా పడుకున్న ఇనుప దూలాన్ని. ఒక రథసప్తమి నాడు, చిక్కుడాకుల్లో పరమాన్నం తిన్నాక, నూకరాజు నన్ను తయారుచేశాడు. పాతసామాన్ల కొట్లో దొరికిన రెండు ముక్కలు వెల్డింగు చేసి అతికించి, నడుముకు చైన్ కప్పీ తగిలించాడు. నేనెంత బరువు మోయగలనో ఎవరూ ఆలోచించలేదు. మొదటి ఇంజను లేచింది, నేను విరగలేదు. అదే పరీక్ష అనుకున్నారు. మనుషులకు నమ్మకం అంత సులువుగా కుదురుతుంది.

ఏటా ఆయుధపూజకు అతని భార్య సత్యవతి స్టూలెక్కి నాకు చిన్న బొట్టు పెట్టేది. ఆమె చనిపోయిన ఏడాది ఆ పని నూకరాజు మీద పడింది. కిరసనాయిలు గుడ్డతో నన్ను తుడిచాడు. పసుపు ఎంత కలపాలో తెలియక గిన్నెడు కలిపాడు. పారబోయడానికి మనసొప్పక అతుకు పొడవునా పులిమేశాడు.

పండగ వెళ్ళాక సత్యవతి తమ్ముడు సూరిబాబు తన వ్యాను తెచ్చాడు. ఇంజను పైకి లేపారు. ఆయిలు ఎక్కడ కారుతోందో చూద్దామని సూరిబాబు దాని కిందికి దూరాడు.

నా అతుకులో ఎప్పటినుంచో వెంట్రుకంత పగులుంది. అందులో ఇంకిన పాత నూనె, బరువు పడేసరికి పైకి ఊరింది. ఎండిన పసుపు మీద నల్లటి గీత తేలింది. నాకు నోరు లేదు. నూకరాజు తలెత్తకపోతే ఏమయ్యేదో!

తలెత్తాడు.

“సూరీ, బయటికి రా.”

“ఏటి బావా, పూజ చేసీసరికి భయం కూడా పట్టుకుందేటి?”

“ముందు రారా. పొద్దున్న ఆ గీత లేదు.”

సూరిబాబు పాక్కుంటూ వచ్చాడు. నూకరాజు గొలుసు లాగుతూ ఇంజనును మెల్లగా నేలకు దించాడు. బావమరిది లేచి నిలబడి ఆ గీతకేసి చూశాడు.

“అక్కయితే చిన్న బొట్టెట్టి ఊరుకునేది కద బావా,” అన్నాడు.

 నూకరాజు సూరిబాబు భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచేశాడు.

నన్ను దించి, పని తెలిసినవాళ్ళ చేత అతుకుకు రెండువైపులా పలకలు వేయించి బోల్టులు బిగించారు. కింద ఎవరినీ నిలబడనివ్వకుండా, ఏ ఇంజనుకన్నా బరువుగా ఇసుక బస్తాలు వేలాడదీసి చూశారు. నేను మోయగల బరువు ఇప్పుడు నా ఒంటి మీద తెల్లరంగుతో రాసి ఉంది. చదువుకున్నవాడిలా కాస్త గర్వంగానే ఉంది.

సాయంత్రమైతే నూకరాజు కొక్కేనికి ఏదీ వేలాడకుండా అన్నీ నేల మీదికి దించేస్తాడు. ఉత్త గొలుసును ఒకసారి చేత్తో నిమిరి, దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేస్తాడు.