పడవ పందెం వాచీకి తీసిన దిష్టి

శ్రీకృష్ణకి ఆ వాచీ వచ్చిందని తెలిసినప్పుడు నేను మిర్చి యార్డులో ఓ బస్తా విప్పి కాయ విరిచి చూస్తున్నాను. ఫోన్‌లో ఫోటో పడింది. ముదురు నీలం డయలు, మధ్యలో సన్నటి నారింజ ముల్లు, కింద చిన్న గుండ్రటి కిటికీలో ఎరుపు, తెలుపు, నీలం పట్టీలు. దాని కింద వాడి మాట: "వచ్చేసిందిరా!" మిరప చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. నీళ్ళు కారుతుంటే చుట్టుపక్కల వాళ్ళు ఘాటు వల్ల అనుకున్నారు. కొంత ఘాటే.

ఆ వాచీ సంగతి చెప్పాలి. పడవ పందేలాడే దొరల కోసం ఓ స్విస్ కంపెనీ వాళ్ళు మా నాన్న కుర్రాడిగా ఉన్న కాలంలో చేసిన క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్న వాచీ అది. పందెం మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు లెక్కపెట్టుకోవడానికే ఆ చిన్న కిటికీ. పాతవి ఇప్పుడు దొరకవు, దొరికినా మనబోటి వాళ్ళకి అందవు. అదే వాచీని అదే రూపంలో మళ్ళీ కొన్ని మాత్రం చేస్తామని, ఒక్కోదాని వెనక మూత మీద ఒక్కో నంబరు చెక్కుతామని కంపెనీ ప్రకటిస్తే, గుంటూరులో అందరికంటే ముందు చూసింది నేను. శ్రీకృష్ణకి చెప్పింది నేను. పేరు నమోదు చేసుకోమని లింకు పంపిందీ నేనే. బుద్ధున్న వాడెవడూ చెయ్యని పని. విజయవాడ షోరూముకి ఒకే ఒక్కటి కేటాయించారు. డ్రాలో వాడి పేరు తగిలింది.

వాడు ఓడరేవు బీచికి వెళ్తే మోకాలి లోతు దాటి దిగడు. నువ్వేమన్నా పడవలు నడుపుతావా అని నన్నడక్కండి. నాకు ఆ వాచీ అర్థమవుతుంది, వాడికి కాదు. అదీ తేడా.

మాది నలుగురి జట్టు. శ్రీకృష్ణకి ప్రత్తిపాడు దగ్గర పత్తి జిన్నింగు మిల్లుంది. ఖాదర్ గారిది బ్రాడీపేటలో కళ్ళజోళ్ళ షాపు. లిడియా మేడమ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. నేను యలమందను, మిర్చి కమీషన్ వ్యాపారిని. ఆదివారం పొద్దున అరండల్‌పేటలో ఓ టిఫిన్ హోటల్ మేడ మీద కలుస్తాం. ఇడ్లీలయ్యాక బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి ఎవరి వాచీ వాళ్ళు తీసి దాని మీద పెడతాం. పక్కవాళ్ళ వాచీ ముట్టుకోవాలంటే లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని రావాలి. ఆ నియమం నా పుణ్యమే. ఓసారి నేను తిప్పి చూసిన వాచీని ఖాదర్ గారు పెట్టుకుని, అదే చేత్తో కన్ను నలుపుకుని, హోటలంతా గంతులేశారు.

ఆ ఆదివారం శ్రీకృష్ణ హోటల్‌కి రానన్నాడు. "అంత దూరం దాన్ని తీసుకురావడం ఎందుకురా, మీరే ఇంటికి రండి, అమ్మ గారెలు వేస్తోంది" అన్నాడు. చూశారా, అప్పుడే దర్బారు మొదలుపెట్టాడు.

ఉత్త చేతులతో వెళ్ళకూడదని ఓ సంచి ఎండుమిరపకాయలు పట్టుకెళ్ళాను. మా కొట్లో తేజ ఉంది, బ్యాడిగి ఉంది. తేజ నోట్లో పెడితే నషాళానికి అంటుతుంది. బ్యాడిగికి రంగే గానీ కారం ఉండదు. కూరలో వేస్తే ఎర్రగా కనపడుతుంది, తింటే ఏమీ ఉండదు. మామూలుగా అయితే స్నేహితుడింటికి తేజే పట్టుకెళ్తాను. ఆ రోజు నా చెయ్యి బ్యాడిగి సంచి మీదికే వెళ్ళింది. తొడిమలు తీయించి మరీ కట్టించాను. పత్తి వ్యాపారం ఇల్లు, వాళ్ళకి మిరపకాయలన్నీ ఒకటే ఎరుపు.

వసారాలో బల్ల వేసి దాని మీద తువ్వాలు పరిచి ఉంచాడు. వాళ్ళమ్మ బసవమ్మ గారు నా సంచి అందుకుని "మంచి రంగుందయ్యా కాయ" అని మురిసిపోయి గుమ్మం పక్కన పెట్టింది. వాచీ పెట్టె మీద పసుపు, కుంకుమ. కొత్త కారు కొన్నట్టు ముందు రోజే పెదకాకాని గుడికి తీసుకెళ్ళి పూజ చేయించిందట. గాజు మీద కూడా ఓ కుంకుమ బొట్టు. లిడియా మేడమ్ దాన్ని చూసి, దెబ్బ తగిలిన పిల్లాణ్ణి చూసినట్టు చూశారు.

"చేతులు కడుక్కో రా" అన్నాడు శ్రీకృష్ణ నాతో. నాతో మాత్రమే. కడుక్కుని వచ్చాను. "ఇంకోసారి కడుక్కో. మిరప చేతులు కదా." ఇంకోసారి కడుక్కున్నాను. తువ్వాలుతో తుడుచుకుంటుంటే పళ్ళు నూరుకున్న చప్పుడు నాకే వినపడింది.

వాచీ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్ళింది. పొగడ్తలు మొదలయ్యాయి. మా జట్టులో పొగడ్తంటే ఏమిటో తెలియని వాళ్ళకి అవి నిజంగా పొగడ్తల్లాగే ఉంటాయి.

"అద్భుతం అండీ" అన్నారు ఖాదర్ గారు. "పాతదాని గాజు ప్లాస్టిక్‌ది కదా, అందులోంచి డయలు కొంచెం వంగినట్టు కనపడి ముద్దుగా ఉండేది. ఇదేమో అద్దంలా ఉంది. పోనీలెండి, గీతలు పడవు."

"అంకెల మీద ఈ గోధుమ రంగు వయసు మీద రావాల్సింది. ఫ్యాక్టరీలోనే పూసేశారు" అన్నారు లిడియా మేడమ్. "తెల్ల జుట్టుకి రంగేసుకునే వాళ్ళని చూశాను గానీ, నల్ల జుట్టుకి తెల్ల రంగేసుకోవడం ఇప్పుడే చూస్తున్నా. కానీ బాగుంది శ్రీకృష్ణా."

 తర్వాత నా చేతిలోకి వచ్చింది. బరువు సరిగ్గా నేననుకున్నంతే ఉంది. నీలం నేననుకున్న నీలమే. పక్క బటన్ నొక్కాను. నారింజ ముల్లు కదిలింది, కిటికీలో ఎర్ర పట్టీ మెల్లగా జరగసాగింది. వినుకొండలో కాలేజీ రోజుల్లో చిత్తు కాయితాల కొట్లో దొరికిన ఓ ఇంగ్లీషు పత్రికలో ఈ వాచీ ప్రకటన చూసి, ఆ పేజీ చింపి చాలా కాలం దాచుకున్నాను. ఆ పేజీలోని వస్తువు ఇప్పుడు నా అరచేతిలో ఆడుతోంది. ఇంకొకడిది.

ఆపి, కింది బటన్ నొక్కాను. ముల్లు గిర్రున వెనక్కి వచ్చి పన్నెండు దగ్గర నిలబడింది. సరిగ్గా పన్నెండు మీద కాదు. వెంట్రుకవాసి పక్కకి.

మామూలు మనిషికి కనపడదు. మా నలుగురికీ కనపడింది. శ్రీకృష్ణ లాక్కుని మళ్ళీ నొక్కి చూశాడు. మళ్ళీ వెంట్రుకవాసి పక్కకే. వాడి మొహం పాలిపోయింది. సర్వీసుకి పంపితే ముల్లు ఎత్తి సరిగ్గా కూర్చోబెడతారు, పెద్ద జబ్బు కాదు, అందరికీ తెలుసు. కానీ కొత్త వాచీ, పైగా నంబరు చెక్కిన వాచీ!  ఫోటో చూసినప్పట్నించీ నాకు వెయ్యని ఆకలి ఆ పూట వేసింది.

"ఏందిరా, ఏమైంది?" అంటూ బసవమ్మ గారు వచ్చింది. కొడుకు మొహం చూసింది, మా ముగ్గురి మొహాలూ వరసగా చూసింది.  లోపలికెళ్ళి కుంపటి తెచ్చి వాకిట్లో పెట్టింది. ఓ గుప్పెడు రాళ్ళుప్పు, చేతికందిన నా సంచిలోంచి గుప్పెడు మిరపకాయలు తీసుకుని, వాచీ పట్టుకున్న కొడుకుని తూర్పు మొహంగా నిలబెట్టి చుట్టూ తిప్పింది.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఇంటికొచ్చినోళ్ళ దిష్టి..."

ఆ మూడోది గట్టిగా అంది. తిప్పి తిప్పి అన్నీ నిప్పుల్లో పోసింది.

ఉప్పు చిటపటమంది. మిరపకాయలు నల్లబడ్డాయి. కాస్త పొగ, కాస్త కమురు వాసన, అంతే. ఎవరూ దగ్గలేదు. ఎవరికీ కళ్ళు మండలేదు. మా వైపు దీని లెక్క చిన్నపిల్లలకి కూడా తెలుసు: ఘాటుకి ఇల్లంతా దగ్గితే దిష్టి లేనట్టు, కమురు తప్ప ఏమీ రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టు.

"అమ్మో అమ్మో" అంది బసవమ్మ గారు గుండెల మీద చెయ్యేసుకుని. "గుప్పెడు కాయలేశానయ్యా, ఒక్క తుమ్ము లేదు! ఏం కళ్ళురా నాయనా అవి!"

ఒక్క మాట చాలు. పిన్నీ, అది బ్యాడిగి కాయ, బస్తా తగలబెట్టినా ఇంతే అంటే చాలు. అంటే, నేను వాళ్ళింటికి కారం లేని కాయ తెచ్చానని చెప్పుకోవాలి. నోరు తెరిచాను కూడా. అంతలో ఆవిడే అంది:

"ఒరేయ్ కిట్టయ్యా, ఇట్టాంటిది ఇంట్లో ఉంచుకోబాకు. ఎవరి కళ్ళు పడ్డాయో వాళ్ళకే ఇచ్చెయ్. నీ డబ్బులు నువ్వు తీసుకో, ఆ దరిద్రం వాళ్ళతోనే పోద్ది."

తెరిచిన నోరు మూసేశాను.

 ముందు ఖాదర్ గారు గొంతు సవరించుకున్నారు. "నిజం చెప్పాలంటే బసవమ్మ గారూ, నాకు రెండు రాత్రుల్నించి నిద్ర లేదండీ. అల్లా మీద ఒట్టు, కన్ను నాదే అయ్యుంటుంది."

"మాకు దిష్టి మీద నమ్మకం లేదు" అన్నారు లిడియా మేడమ్, కళ్ళు వాచీ మీదే ఉంచి. "కానీ పక్కవారిదేదీ ఆశించకూడదని మా బైబిల్లో ఆజ్ఞ ఉంది. దాన్ని తప్పాను. గట్టిగానే తప్పాను."

సిగ్గులేని మనుషులు! మాటల్లో గాజు గురించి, రంగేసుకున్న జుట్టు గురించి వెటకారాలాడి, ఇప్పుడు అసూయకి కూడా క్యూ కడతారా? వాళ్ళది ఏపాటి అసూయ? ఆ రోగంలో నా ముందు వాళ్ళు పసిపిల్లలు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వాళ్ళదేం కాదు పిన్నీ, నాదే" అన్నాను. "ఒరేయ్, నీకు ఆ వాచీ సంగతి చెప్పింది నేను. అది నీ చేతికొచ్చిన కాణ్ణించి నాకు అన్నం సయించలేదు. నీ ఫోటో చూసి యార్డులో ఏడ్చాను. అది పోవాలని, పగలాలని కోరుకున్నాను. నువ్వు నా చేతులు రెండుసార్లు కడిగించినప్పుడు నిన్ను కొడదామనిపించింది. ఇందాక ముల్లు పక్కన నిలబడిందే, అప్పుడు నాకు సంతోషమేసిందిరా. నిజంగా సంతోషమేసింది."

ఖాదర్ గారు తల వంచుకున్నారు. లిడియా మేడమ్ తన సంచి సర్దుకోసాగారు. వాళ్ళు ఆడినది ఆటని, నేనొక్కణ్ణే నిజం చెప్పానని నాకప్పుడు తెలిసింది.

 శ్రీకృష్ణ నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. వాచీని పెట్టెలో పెట్టి, మూత వేసి, నా చేతిలో పెట్టాడు.

"తీసుకోరా. నీదే."

"గుమ్మం దాటాక వెనక్కి తిరిగి చూడబాకయ్యా" అంది బసవమ్మ గారు. దిష్టి తీసి పారబోసే వాళ్ళకి చెప్పే మాట అది. నేను చూడలేదు. చంకలో పెట్టె పెట్టుకుని నడిచాను. గారెలు తినకుండానే.

వాడికి డబ్బు ఆ సాయంత్రమే పంపేశాను. సర్వీసుకి పంపిస్తే ముల్లు సరిచేసిచ్చారు. ఇప్పుడు బటన్ నొక్కితే గిర్రున వచ్చి సరిగ్గా పన్నెండు మీద నిలబడుతుంది. నిన్న ఆదివారం హోటల్‌కి పెట్టుకెళ్ళాను. అందరూ వచ్చారు. నన్ను పలకరించారు, ఇడ్లీలు తిన్నాం. తువ్వాలు పరిచాక నా వాచీని సరిగ్గా మధ్యలో పెట్టాను. పక్కన శ్రీకృష్ణ, వాళ్ళ నాన్న పెట్టుకున్న పాత కీ వాచీ పెట్టాడు. గాజు పగుళ్ళిచ్చింది, తోలు పట్టీ అరిగిపోయింది.

"అబ్బ, దీనికి కీ ఇస్తే నడుస్తోందా ఇంకా?" అంటూ ఖాదర్ గారు దాని మీదికి వంగారు. లిడియా మేడమ్ ఫోన్ లైటు వేసి దాని డయలు చూశారు. నేను నా వాచీ బటన్ ఓసారి నొక్కాను, అందరికీ వినపడేలా. ఇద్దరూ లేచి చేతులు కడుక్కుని వచ్చారు. పాత కీ వాచీ కోసం. నాదాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడ లక్ష్మీదుర్గతో "నాకు దిష్టి తియ్యి" అన్నాను.

"మీకా?" అంది.

"ఇంత వాచీ పెట్టుకు తిరుగుతుంటే ఎన్ని కళ్ళు పడతాయి? తియ్యి."

ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలోని నిప్పుల్లో వేసింది. క్షణంలో ఇల్లంతా గుప్పుమంది. ఆవిడ దగ్గుతూ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. నాకు ఊపిరాడలేదు. పక్కింటి వాళ్ళు కూడా గోడ అవతల్నించి దగ్గుతూ "ఏందమ్మా అది!" అని కేకేశారు.

"ఒక్కరి కన్ను కూడా పళ్ళేదండీ మీ మీద" అంది లక్ష్మీదుర్గ కళ్ళు తుడుచుకుంటూ, సంతోషంగా. "చూశారా ఎంత ఘాటో!"

తేజ వేసిందని నాకు తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పట్నించి మిరపకాయలతో బతికేవాణ్ణి, ఏ కాయ ఎలా మండుతుందో నాకు తెలీదా?  అయినా లేని దగ్గు ఓసారి దగ్గి, వాచీ ఉన్న చేత్తో కొట్టు గదిలో మూలనున్న బ్యాడిగి సంచి చూపించాను.

"ఇంకోసారి తియ్యి" అన్నాను. "ఈసారి ఆ రెండో సంచిలోవి వెయ్యి."