సర్పంచ్‌కు ఎండ

మా అన్న బిడ్డ అక్షిత సూర్యాపేటలో టీచరు. జనవరి చివర్లో ఒక గాజుపెట్టె ఒడిలో పెట్టుకుని ఆటోలో నడిగూడెం వచ్చింది. పెట్టెలో జానెడు తొండ. మెడ కింద గడ్డంలా ముళ్లు.

"చిన్నాయన, కాళ్లు లేస్తలేవు. జర సూడు," అంది. ఏడ్చినట్టు ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నాకు ఇరవై ఏళ్లుగా కోళ్ల షెడ్డు ఉంది. కాళ్లు పడిపోయిన కోడిపిల్లల్ని చాలా లేపాను. అందుకే నా దగ్గరికి తెచ్చింది.

నా భార్య లింగమ్మ గడప దగ్గరే ఆగిపోయింది. "తొండను ఆటో ఎక్కిచ్చి తెచ్చినవా బిడ్డా? మా సేన్ల ఉన్నయి సాలవా?"

"ఇది పెంచుకునేది చిన్నమ్మా, బయటి దేశంది. పేరు సర్పంచ్."

"గదేం పేరే?"

"ఏం చెప్పినా తల ఊపుతది."

తొండ అప్పుడే రెండుసార్లు తల ఊపింది.

"ఊపుడే గని కదులుడు లేదు. పేరు సరిపోయింది," అంది లింగమ్మ.

కోడిపిల్లలకు చేసేదే చేశాను. వంద వాట్ల బల్బు పెట్టెలోకి వేలాడదీశాను. పెట్టెను కిటికీ పక్కన ఎండలో పెట్టాను. కోదాడ వెళ్లి కోళ్ల మందుల దుకాణంలో కాల్షియం పొడి తెచ్చాను. తొండ ఒంటికి రంగొచ్చింది. మిడతలు తింది. కాళ్లు మాత్రం రాలేదు. ముందుకాలు ఎత్తితే వణికేది. కడుపు ఈడ్చుకుంటూ రెండంగుళాలు జరిగి ఆగేది.

అక్షిత రోజూ బడి విడవగానే ఫోన్ చేసేది. "నిలబడ్డడా?"

"లేదు బిడ్డా."

తొమ్మిదో రోజు నేనూ అక్షితా కలిసి మిర్యాలగూడలో పశువుల డాక్టరమ్మ కరుణ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె తొండ దవడను వేలితో మెల్లగా నొక్కింది.

"ఎముక మెత్తబడ్డది. ఇంకో నెల గిట్లనే ఉంటే బతకదు. ఏం లైటు పెట్టిన్రు?"

"కోడిపిల్లల బల్బు," అన్నాను.

"దాంట్ల వేడి ఉంటది, ఎండ ఉండదు. ఎండలో ఉండే ఒక కిరణం ఒంటికి తగిలితేనే తిన్న కాల్షియం ఎముకకు పడుతది. కోళ్లకు ఆ విటమిన్ దాణాలనే కలిపి వస్తది. అందుకే మీకు తెల్వలే."

"కిటికీ ఎండల్నే పెట్టినం కద మేడం," అంది అక్షిత.

"గాజు అడ్డం ఉన్నది కద. ఆ కిరణం గాజు దాటి రాదు."

ఇరవై ఏళ్లు దాణా బస్తాలు మోశాను. వాటి మీద ఏం రాసుందో ఎప్పుడూ చదవలేదు.

ఆ కిరణం ఇచ్చే ట్యూబులైటు పేరు డాక్టరమ్మ రాసిచ్చింది. పగలంతా వెలగాలి, మధ్యలో గాజు ఉండొద్దు. మిడతలకు రోజూ కాల్షియం పొడి, వారానికి రెండుసార్లు విటమిన్ పొడి.

"చెంచాడా?" అని అడిగాను.

"పెద్దాయనా, ఇది వెయ్యి కోళ్ల షెడ్డు కాదు! చిటికెడు. ఎక్కువైనా పానం మీదికొస్తది."

ఫోన్ చేస్తే ట్యూబు హైదరాబాద్ నుంచి కొరియర్‌లో వచ్చింది. ఎండకు మాత్రం ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. మా డాబా మీద మిరపకాయలు ఆరుతున్నాయి. రోజూ పొద్దున అరగంట వాటి పక్కనే కోళ్లగంప కింద తొండను ఉంచాను. గంప మీద సగం వరకు తడిగోనె కప్పాను, నీడకు. మందు కొట్టిన చేలో మిడతల జోలికి పోలేదు. కాలువ గట్టు గడ్డిలో పట్టి, డబ్బాలో పొడి వేసి ఊపితే పిండిమరలోంచి వచ్చినట్టు తెల్లగా అయ్యేవి.

తొండను ముట్టనని ఒట్టేసిన లింగమ్మ, మిరపకాయలు తిరగేస్తూ కాకుల్ని తోలేది. ఫోన్‌లో మాత్రం రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.

మార్చిలో ఒక ఆదివారం అక్షిత వచ్చింది. మిడత వేద్దామని లింగమ్మే గంప ఎత్తింది. తొండ నాలుగు కాళ్ల మీద లేచింది. కడుపుకీ నేలకీ మధ్య వేలెడు సందు.

మరుక్షణం అది మిరపకాయల్లోకి దూకింది.

"ఉరికిండే! సర్పంచ్ ఉరికిండు! పట్టుర్రి!" లింగమ్మ అరిచింది.

అక్షిత మోకాళ్ల మీద కాయల్లో వెతికింది. నవ్వుతూ అదే చేత్తో కళ్లు తుడుచుకుంది. ఇక కన్నీళ్లకు ఆపు లేదు.

తొండ పిట్టగోడ మూలన దొరికింది. కాళ్ల మీద నిటారుగా నిలబడి, మమ్మల్ని చూసి తల ఊపింది.

"ఇగ వీని పేరు మార్చుర్రి," అంది లింగమ్మ, చెంబుతో అక్షితకు నీళ్లందిస్తూ. "వీడు పని చేస్తుండు."