నిప్పు డ్యూటీకి ఉప్పు మజ్జిగ

నీలం చొక్కా మీద తెల్లటి ఉప్పు చార.

వీపు మీద ఒకటి. చంకల కింద రెండు. మెడ చుట్టూ ఇంకొకటి, సన్నగా.

డ్యూటీ దిగి వచ్చిన చొక్కా తలుపు వెనక కొక్కేనికి వేలాడుతుంది. చెమట ఆరిపోతుంది. ఉప్పు మిగిలిపోతుంది.

పద్దెనిమిదేళ్ళు ఆ చారల్ని నేనే ఉతికాను. వేళ్ళకి గరగరా తగిలేవి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, ఎవరూ చూడకుండా, కొంచెం నాలుక మీద పెట్టుకున్నాను.

సముద్రమే... అదే రుచి.

మా ఆయన పోలిరాజు పుట్టింది వలల మధ్య. ఊరు స్టీలు ప్లాంటు కింద పోయింది. ఊరికి బదులు ఒక నిర్వాసితుల కార్డు, కార్డుకి బదులు ఒక ఉద్యోగం. పడవ ఎక్కాల్సిన మనిషి బ్లాస్ట్ ఫర్నేస్ ముందు నిలబడ్డాడు. ఆ ఫర్నేస్‌కి గోదావరి అని పేరు పెట్టారు. నిప్పుకి నది పేరేమిటని నేను నవ్వితే, "కారినప్పుడు సూడు, నదే," అన్నాడు.

ఇనుము కరిగి కాలవలో పారుతుంది. కాలవ పక్కన మనిషి కరుగుతాడు. కరిగినంతా చొక్కాలోకి దిగుతుంది.

అందుకే ఉప్పు మజ్జిగ.

'ఏ' షిఫ్టుకి పొద్దున్న ఐదింటికి ఒక పెద్ద గ్లాసు. 'బీ' షిఫ్టుకి మధ్యాహ్నం ఒంటిగంటకి. గళ్ళుప్పు పిడికెడుకి తక్కువ, చిటికెడుకి ఎక్కువ. కవ్వం తిప్పి, గ్లాసు ఆయన చేతికి ఇచ్చి, ఖాళీ గ్లాసు తీసుకుంటాను. ఆ వేళప్పుడు మేం మాట్లాడుకోం. పని చేతులది. కూర్మన్నపాలెంలో మా వీధి మొత్తం అంతే. తెల్లారకముందే ప్రతి వంటింట్లోనూ కవ్వం చప్పుడు.

రెండువేల తొమ్మిది వేసవి అది. ప్లాంటులో ఏటా చేసే పరీక్షల్లో ఆయన లివరులో ఒక గడ్డ కనిపించింది.

ఉసిరికాయంత.

రెండు పాయింట్ ఎనిమిది సెంటీమీటర్లు, అంది డాక్టర్ అనూరాధ. ఆ అంకె ఆమె చెప్పిన తీరు నాకిప్పటికీ చెవిలో ఉంది.

పక్కింటి మంగాయమ్మ వచ్చి బుగ్గలు నొక్కుకుంది. "లివరంటే తాగుడే కదమ్మా మరి," అంది.

నాకు ఒళ్ళు మండింది. నా మొగుడు మందు ముట్టడు. వాసన చూసినా తుమ్ముతాడు. ఎప్పుడో, ఏ సూది దారినో, ఒక వైరస్ చేరి ఇన్నేళ్ళూ లోపల కూర్చుందని డాక్టరమ్మ చెప్పింది. అదే మాట మంగాయమ్మకి చెప్పాను. వీధి కొస దాకా వినబడేట్టు చెప్పాను. మర్నాడు ఇంకోసారి చెప్పాను.

కోసి తియ్యడానికి లేదట. లివరు అప్పటికే గట్టిపడింది, కోత తట్టుకోదు.

మరి?

కాల్చాలి.

కాల్చడమే... పొడుగాటి సూది ఒకటి పొట్ట మీంచి గడ్డలోకి దించుతారు. సూది కొసన మైక్రోవేవ్ పుడుతుంది. ఇళ్ళలో అన్నం వేడి చేసుకునే పెట్టెలో ఉండేదే. కండలో ఉన్న నీరే కాగి, గడ్డ ఉన్నచోటే ఉడికి చస్తుంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. పైన కనిపించేది సూది గాటు ఒక్కటే.

"ఎంత వేడి, డాక్టరమ్మా?" అన్నాడు మా ఆయన.

"వంద దాటుతుంది."

ఆయన నవ్వాడు. జబ్బు అని తెలిసిన తర్వాత అదే మొదటి నవ్వు.

"వందేటి? మా కాడ పదిహేనొందలు. నాను సలి కాసుకునే నిప్పండి అది."

డాక్టరమ్మ కూడా నవ్వింది. తర్వాత స్కాను ఫిల్ము వెలుతురుకి పెట్టి వేలితో చూపించింది. గడ్డకి ఒక పక్కన పెద్ద రక్తనాళం. అటు పారే రక్తం వేడిని లాక్కుపోతుంది. ఆ అంచున గడ్డ చావకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది. గడ్డ మూడు సెంటీమీటర్లు దాటితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఆయన ఫిల్ము మీదికి వంగాడు. ఫర్నేస్‌ని చూసినట్టే చూశాడు, కళ్ళు చిట్లించి.

"నీళ్ళ గోడ," అన్నాడు. "మా ఫర్నేస్ గోడల్లోనూ నీళ్ళు తిప్పుతారమ్మా. ఆ పక్కన నిప్పుకి బలముండదు. ఆ మూల ఇంకో నిముసం ఎక్కువెట్టండి."

అంతే అన్నాడు. భయమని అనలేదు. భయం ఇద్దరికీ ఉంది... ఎవరి భయం వాళ్ళం దాచుకున్నాం.

ఆ యంత్రం మా ఆసుపత్రిది కాదు. హైదరాబాద్ నుంచి కంపెనీవాళ్ళు తెస్తారు. ఒక్క పూట ఉంటుంది, ఇంకో ఊరు పోతుంది. మళ్ళీ విశాఖ రావాలంటే రెండు నెలలు. మాకు రాసిన రోజు గురువారం, పొద్దున్న ఎనిమిది.

బుధవారం నర్సు ఫ్లోరా ఫోను చేసింది. "రాత్రి పది తర్వాత ఏటీ తినకూడదు, తాగకూడదు. మత్తిస్తారు. గుర్తెట్టుకోండమ్మా."

గుర్తు పెట్టుకున్నాను. ఇడ్లీ పిండి రుబ్బలేదు. కాఫీ పొడి డబ్బా అటక మీద పెట్టేశాను. అన్నం గిన్నె బోర్లించాను. ఇంట్లో తిండి వాసన లేకుండా చేశాను.

తెల్లవారుజామున ఐదయింది.

లేచాను. ఆయన లేచాడు. మొహం కడుక్కున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళాను. బయట వీధిలో కవ్వాల చప్పుడు...

ఆయన తాగాడు.

నేను గ్లాసు తీసుకున్నాను.

ఇద్దరిలో ఒక్కరికైనా తోచలేదు. నిప్పు దగ్గరికి పోతున్నాడు కదా. పద్దెనిమిదేళ్ళుగా నిప్పు దగ్గరికి పోయే మనిషికి నా చేతులు ఇచ్చేది అదే. ఆటో ఎక్కాం. గాజువాక దాటాం. పోర్టు క్రేన్లు కనిపించాయి. నాకు గుర్తు రాలేదు.

ఆసుపత్రిలో ఫ్లోరా కాగితం పట్టుకుని నిలబడింది. "ఏటీ తాగలేదు కదండీ?"

"ఏటీ నేదమ్మా," అన్నాడు ఆయన. ఆయన దృష్టిలో అది నిజమే.

అప్పుడు చూశాను.

మీసం కొసన, తెల్లగా, ఎండిన మజ్జిగ చుక్క.



కొంగుతో తుడిచెయ్యొచ్చు. ఎవరూ చూడలేదు. ఒక్క గ్లాసు మజ్జిగ... ఏమవుతుంది? చెబితే యంత్రం పోతుంది. యంత్రం పోతే రెండు నెలలు. రెండు నెలల్లో ఉసిరికాయ ఉసిరికాయలా ఉండదు. కొంగు నా వేళ్ళలోనే ఉంది. చెయ్యి సగం దాకా లేచింది కూడా.

కానీ ఆయన నాకు ఎన్నోసార్లు చెప్పిన సంగతి ఒకటుంది. ఇనుము వదిలే ముందు కాలవ పొడిగా ఉండాలి. ఎక్కడో తడి ఉందని తెలిసీ నోరు మూసుకున్నవాడు పక్కవాళ్ళని చంపినట్టే. తడి మీద ఇనుము పడితే పేలుతుంది. తడి చూసినవాడు అరవాలి. సిగ్గుపడకూడదు.

అరిచాను.

"మజ్జిగ తాగాడమ్మా! నానే ఇచ్చాను. ఐదింటికి. నా సేతుల్తో నానే ఇచ్చాను."

మా ఆయన మీసం తడుముకున్నాడు. నా వైపు చూశాడు. తిడితే బాగుండేది.

మత్తు డాక్టరు వచ్చాడు. కడుపులో మజ్జిగ ఉండగా మత్తిస్తే అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుందన్నాడు. ఆరు గంటలు ఆగాలి. పదకొండుకి గానీ కుదరదు.

యంత్రం పదింటికి రైలుకి బయల్దేరాలి. రేపు పొద్దున్న కటక్‌లో ఇంకో మనిషి దానికోసం ఎదురుచూస్తున్నాడు. యంత్రంతో వచ్చిన కంపెనీ మనిషి, నతానియేల్, టై సర్దుకుంటూ ఈ మాట చెప్పాడు. చెడ్డవాడు కాదు. పని చేసుకుపోయేవాడు. వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

"వచ్చేసారి చేద్దాం," అంది డాక్టరమ్మ. నా కళ్ళలోకి చూడలేదు.

"వచ్చేసారికి అది మూడు దాటదని రాసిత్తారా?"



నతానియేల్ యంత్రాన్ని పెట్టెలో పెట్టాడు. మూత వేశాడు. నల్లటి పెట్టె, ఇత్తడి గొళ్ళేలు, వరండాలో గోడ పక్కన. కారు రావడమే తరువాయి.

నా చేతిలో వైరుబుట్ట ఉంది. ఆకుపచ్చా తెలుపూ. అందులో ఆయన తువ్వాలు, స్కాను ఫిల్ములు, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు తొడుక్కోవడానికి నీలం చొక్కా.

నడిచి వెళ్ళి ఆ బుట్టని పెట్టె మీద పెట్టాను.

పెట్టి, పక్కన నేల మీద కూర్చున్నాను.

మా రేవులో మా అమ్మ అలాగే చేసేది. పడవలు ఒడ్డుకొచ్చి చేపలు కుప్పలు పోస్తారు. ఏ ఆడమనిషి ముందు తన గంప కుప్ప మీద పెడితే ఆ కుప్ప ఆమెది. బేరం తెగేదాకా ఇంకొకరు ముట్టరు. పడవగలవాడు కూడా ఆ గంప తియ్యడు. పెట్టిన మనిషే తియ్యాలి. అరుపులుంటాయి, శాపనార్థాలుంటాయి, జుట్లూ జుట్లూ పట్టుకోవడాలుంటాయి. గంపని మాత్రం ఎవరూ ముట్టరు.

"అమ్మా, లెగండి. బండొచ్చేస్తుంది," అన్నాడు నతానియేల్.

లేవలేదు.

"కటక్‌లో కూడా ఒక మనిషున్నాడమ్మా."

"ఉన్నాడు. రేపు పొద్దున్న కదా బాబూ? ఆయన కడుపున నాను కొట్టను. పదకొండుకి మొదలెడితే పన్నెండున్నరకి నీ పెట్టి నీది. రైలు పోతే రోడ్డుంది. రాత్రికి ఎల్లిపోతావు."

బుట్ట మీద చెయ్యి వేశాడు. పక్కకి పెడదామని.

వరండా తుడుస్తున్న ఆయా పోతమ్మ చీపురు ఆపింది. ఆమెదీ మా ఒడ్డే, మాటలో తెలిసిపోయింది. "గంపెట్టేసింది బాబూ. ఇంక నువ్వు తియ్యకూడదు," అంది. అని మళ్ళీ తుడుచుకోసాగింది.

నతానియేల్‌కి ఆ మాట ఏం అర్థమయిందో నాకు తెలియదు. బుట్టలోకి చూశాడు. నీలం చొక్కా కనిపించి ఉంటుంది. ఉతికినా పోని చార ఒకటి మెడ దగ్గర ఉంది.

చెయ్యి తీసేశాడు.

డాక్టరమ్మ వైపు తిరిగాడు. ఆమె అప్పటికే ఫోను తీసింది. ఎవరితోనో గట్టిగా మాట్లాడింది. అతనూ మాట్లాడాడు, హైదరాబాద్‌తో, కటక్‌తో. రైలు టికెట్టు చింపేశాడు.

"పన్నెండున్నర," అన్నాడు నాతో. "దాటితే ఆగనమ్మా."

"దాటదు."

పదకొండయింది. అప్పుడు లేచాను. నా బుట్ట నేనే తీశాను.

మా ఆయన్ని చక్రాల మంచం మీద తీసుకుపోతుంటే పక్కన నడిచాను. "మావా, నన్ను తిట్టు," అన్నాను. "తర్వాత తిడతాన్లే," అన్నాడు. "నిప్పు కాడ మాటలొద్దు."

తలుపు మూసుకుంది.

నేను దేవుడికి మొక్కలేదు. ఆ గంటలో ఏ దేవుడి మీదా నాకు నమ్మకం లేదు. ఆ ఉసిరికాయతోనే మాట్లాడాను. మా ఊరు పోయింది, ఊరుకున్నాం. పడవ పోయింది, ఊరుకున్నాం. ఈ మనిషిని మాత్రం ఇవ్వను. విన్నావా... ఇవ్వను. కాలు. అంచుతో సహా కాలు.

పన్నెండుకి డాక్టరమ్మ బయటికొచ్చింది. మాస్కు పైన నుదురంతా చెమట. గడ్డ ఉన్నచోట తెరమీద తెల్లటి బుడగలు లేచాయని చెప్పింది, అన్నం ఉడికినట్టు.

"ఆ మూల?" అన్నాను.

"ఒక నిమిషం ఎక్కువే పెట్టాను," అంది.

నతానియేల్ పెట్టె పట్టుకుని కారు వైపు పరిగెత్తాడు. కటక్ మనిషి ఎవరో, పేరేమిటో నేను అడగలేదు. తర్వాత చాలాసార్లు అనుకున్నాను, అడగాల్సిందని.

నెల తిరిగింది. మళ్ళీ స్కాను. గడ్డ ఉన్నచోట నల్లటి గొయ్యి, గడ్డకంటే పెద్దదే. చచ్చింది, అంది డాక్టరమ్మ.  కానీ ఆమె వేలు ఫిల్ము మీంచి లేవలేదు. రక్తనాళం పక్కన, అంచున, సన్నటి గీత ఒకటి.

కాలిన మచ్చ కావచ్చు.

కాకపోనూ వచ్చు.

మూడు నెలలాగి మళ్ళీ చూద్దామంది. మళ్ళీ కాల్చాల్సి వస్తే కాలుద్దామంది. "కాలుద్దాం," అన్నాం ఇద్దరం ఒకేసారి. లేచి వస్తుంటే వెనక్కి పిలిచింది. "ఉప్పు బాగా తగ్గించాలి. లివరుకి మంచిది కాదు."

ప్లాంటులో ఆయనకి తేలిక పని ఇచ్చారు, ఫర్నేస్ వెనక సామాన్ల గదిలో. అక్కడికీ సెగ వస్తుంది. సోమవారం 'ఏ' షిఫ్టు. ఐదింటికి లేచాను. వీధిలో కవ్వాల చప్పుడు. నా చెయ్యి ఉప్పు జాడీ దాకా పోయింది... అక్కడ ఆగింది. ఈసారి ఆగింది.

ఆయన తాగి మొహం చిట్లించాడు.

"ఇదేటే, సప్పగా ఉంది."

"అంతే మావా. ఇంక ఉప్పు లేదు."

గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, చాప మీద వాలాడు. నిద్రపోయాడు. నేను అన్నం వారుస్తూ, చూడకూడదు అనుకుంటూనే, తలుపు వైపు చూస్తూ ఉన్నాను.

చెమట ఆరుతోంది.

నెమ్మదిగా... వీపు మీద... సన్నగా.

నేను ఒక్క ఉప్పురాయి కూడా వెయ్యలేదు. మరి ఎక్కడిది? వాళ్ళ నాన్న పడవలోదా, పోయిన ఊరి గాలిలోదా, ఈ పద్దెనిమిదేళ్ళ గ్లాసుల్లోదా... నాకేం తెలుసు. ఆ మనిషిలో ఇంకా ఉంది.

బకెట్లో నీళ్ళు పెట్టి కూడా, ఆ రోజు చొక్కా ఉతకలేదు.

నీలం చొక్కా మీద తెల్లటి ఉప్పు చార.