నూకరాజు గారి పేగులో నా మకాం

నేను ఒక కెమెరాను. చూడటానికి మాత్రలా ఉంటాను, మింగితే పేగుల్లో ఫొటోలు తీసుకుంటూ పోతాను. ఫ్యాక్టరీలో నన్ను తుడిచి, మెత్తటి పెట్టెలో పడుకోబెట్టినప్పుడు ఏ ఎవరెస్టు శిఖరానికో పంపుతారనుకున్నాను. తీరా చూస్తే కాకినాడలో ఒక ఆసుపత్రికి చేరి, నూకరాజు గారి నోట్లో పడ్డాను. ఎవరి రాత వారిది.

నూకరాజు గారు పెళ్ళిళ్ళకు వంట మేస్త్రి. కొంతకాలంగా ఆయనకు విరేచనం తారులా నల్లగా అవుతోంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. పోయేది రక్తమని ఆయన ఒప్పుకోలేదు, నేరేడు పళ్ళు తిన్నానన్నారు. "కార్తీకమాసంలో నేరేడు పళ్ళెక్కడ దొరికాయండీ మీకు?" అని భార్య సత్యవేణి గారు చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కొచ్చారు.

పైనుంచీ కిందనుంచీ గొట్టాలు వేసి చూసినా ఏమీ దొరకలేదు. మధ్యలో మిగిలిన చిన్నపేగు చూడటానికి నన్ను పిలిచారు. ఆయన నన్ను కళ్ళకద్దుకుని, తీర్థం పుచ్చుకున్నట్టు మింగారు. ఆ మర్యాదకు నేను పొంగిపోయాను.

సగం దూరం బాగానే సాగింది. ఒక మలుపులో రక్తం కారుతున్న నల్లటి గడ్డ కనబడింది. ఫొటో తీసి, పక్కనుంచి తప్పుకోబోయి ఇరుక్కుపోయాను. సాయంత్రానికి బ్యాటరీ అయిపోయి కన్ను మూసుకుంది కానీ చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. కెమెరాకు చెవులేమిటని అడక్కండి, నోరెక్కడిదని అడగలేదుగా!

ఫొటోలు చూసిన డాక్టరు హిమబిందు గారు, "ఒంటిమీద పుట్టుమచ్చ ఏదైనా తీయించుకున్నారా?" అని అడిగారు.

"కడుపు చూడమంటే మచ్చల గొడవేంటండీ?" అని నూకరాజు గారు నవ్వారు. కొన్నేళ్ళ కిందట అరికాల్లో మచ్చ పెరుగుతుంటే కోయించి, ఆ సంగతే మరిచిపోయారట.

"అరికాల్లో మచ్చుంటే దేశాలు తిరుగుతాడని మా అత్తగారు మురిసిపోయేవారండీ," అన్నారు సత్యవేణి గారు.

తిరిగింది ఆయన కాదు, మచ్చ. అది చర్మంలో పుట్టే ఒక రకం క్యాన్సరట. పేగుదాకా పాకడం చాలా అరుదట. ఇక్కడ పాకనే పాకింది, రక్తం పోయేది దానివల్లే.

గడ్డనూ నన్నూ తీయాలంటే ఆపరేషన్ అనగానే ఆయన మొండికేశారు. "నా కడుపు కొయ్యనివ్వను. ఆ కెమెరా దాని దారిన అదే వచ్చేత్తాది," అని ఇంటికెళ్ళిపోయారు. అప్పటినుంచి పొద్దున్నే అందరిదీ ఒకటే ప్రశ్న, "వచ్చిందా?" అని. వియ్యపురాలు ఫోన్ చేసి అడిగేది. పాలవాడు గేటు దగ్గర అడిగేవాడు. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి మేనమామ పంక్తి మధ్యలో కేకేసి అడిగాడు. విస్తరి ముందు అడగాల్సిన మాటా అది!

రక్తం మాత్రం పోతూనే ఉంది. మరుగుదొడ్డి తలుపవతల సత్యవేణి గారు ఏడుస్తుంటే నాకు వినబడేది. నేను బయటపడితే ఈయన ఇక ఆసుపత్రి గడప తొక్కరు. అందుకని పేగు ఎంత నెట్టినా కదల్లేదు. నాకూ భయంగానే ఉండేది.

చివరికి నూకరాజు గారే లొంగారు. "జబ్బైతే ఓర్సుకుంటానే. లోపల కూకుని నా గుట్టంతా ఫొటోలు తీత్తంటే నా వల్ల కాదు. కోయించెయ్యి దాన్ని!"

నాతో పాటు గడ్డనూ తీసేశారు. రక్తం ఆగింది. మందులు ఇంకా చాలాకాలం వాడాలని, జబ్బు మళ్ళీ రాదని మాట ఇవ్వలేనని డాక్టరు గారు చెప్పారు. నన్ను కడిగి సీసాలో వేసి, ఆయనకు చూపించడానికి తెచ్చారు. అప్పుడే నర్సు తొలిసారి జావ పట్టింది.

ఆయన ఒక చెంచా మింగి ముఖం చిట్లించారు. "ఈ జావ కాసినోడెవడండీ? ఉప్పు లేదు, పాడూ లేదు. నన్నోపాలి వంటగదిలోకి పంపండి!"

సత్యవేణి గారు పకపకా నవ్వి, ఆ నవ్వులోనే భోరున ఏడ్చేశారు.