ఏడో నెంబరు కంప్యూటర్లో నాగవ్వ

ఇట్లా రండి నాయనా, ఇంకాస్త దగ్గరికి జరగండి. నా గొంతు చిన్నది, చెవి ఒగ్గకపోతే గిరగిరమనే చప్పుడే వినిపిస్తుంది.

నేను ఒక హార్డ్ డిస్కును. అరచేతిలో ఇమిడే నల్లపెట్టెను. సముద్రం అవతల, దుమ్ము రేణువు కూడా దూరని గదిలో, ముక్కుకూ మూతికీ గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. అంత శుభ్రంగా పుట్టి ఏం లాభం, బతుకంతా సుద్దపొడిలోనూ బస్సుల దుమ్ములోనూ తిరిగాను.

నన్ను కొన్నది కోమలి. బడుల్లో కంప్యూటర్ ల్యాబులు సిద్ధం చేసే ఉద్యోగం ఆమెది. ఒక కంప్యూటర్‌ను ముందేసుకుని తెలుగు కీబోర్డు, లెక్కల పాఠాలు అన్నీ సర్ది, ఆటలు తీసేసి, పెళ్లికూతురిలా తయారుచేస్తుంది. ఆ రూపం మొత్తాన్ని నాలో దాస్తుంది. దాన్ని ఇమేజి అంటారు. ఇక నన్ను ఏ బడిలో ఏ కంప్యూటర్‌కు తగిలించినా, అది అచ్చం ఆ మొదటి దానిలాగే లేచి కూర్చుంటుంది. గిన్నెడు పాలకు తోడుచుక్క వేసినట్టే అనుకోండి. కాకపోతే నేను దిగిన చోట అంతకుముందున్నది ఏదీ మిగలదు. అందుకే నాకు ఎప్పుడూ కుదురుండదు. ఏ పిల్ల రాసుకున్న కథో, ఏ పిల్లాడు గీసుకున్న బొమ్మో చెరిపేస్తున్నానేమో అని లోపల తిరుగుతూనే ఉంటాను. మనుషులు మాత్రం అన్నీ ఒక్కలాగే అయ్యాయని సంబరపడతారు.

ఒక వానాకాలం గోదావరి ఒడ్డున ఒక బడికి వెళ్లాం.

"ఉంచాల్సినవి ఏమన్నా ఉన్నయా సార్?" అని కోమలి హెడ్మాస్టరు లింగమూర్తిని అడిగింది.

"ఏమున్నయ్ మేడమ్, అన్నీ ఆటలే. ఊడ్చి పారెయ్యండ్రి."

బడిలో వంట చేసే పోలమ్మ చాయ్ తెచ్చింది. "మేడమ్, ఆ ఏడో నెంబరుది జర పైలం. అండ్ల మా అమ్మ ఉన్నది" అంది.

కోమలి చెవి దగ్గర ఫోను. ఇంకా ఎన్ని బడులు మిగిలాయని ఆఫీసు తరుముతోంది. "ఆఁ, ఆఁ" అంది, ఫోనుకో పోలమ్మకో తెలియదు. పోలమ్మ తనకే అనుకుని నిశ్చింతగా వెళ్లిపోయింది.

నేను విన్నాను. విని ఏం చేయను, నోరు లేనిదాన్ని. ఒక్కొక్క దానిలో దిగుతూ ఏడో దాని దాకా వచ్చాను. తగిలించగానే వెతుక్కున్నాను. ఉంది. 'నాగవ్వ నాటు పాట' అని పేరు. పిల్లలు రికార్డు చేసి దాచిన పోలమ్మ వాళ్లమ్మ గొంతు. వరినాట్లు వేస్తూ పాడుకునే పాట, మధ్యలో ఒక దగ్గు, చివర "ఇగ సాలు పొండ్రి" అని నవ్వు. ఒక్క మీట నొక్కితే అంతా పోతుంది. పోగొట్టేది నేనే. తిరగడం తప్ప తెలియని నాకు ఆగిపోవాలనిపించింది.

మళ్లీ ఫోను మోగింది. కోమలి దాన్ని భుజంతో అదిమిపట్టి, ఎక్కడి నుంచి, ఎక్కడికి అని తెర అడిగిన రెండు ప్రశ్నలకూ తారుమారుగా జవాబిచ్చింది. నాలోది ఏడో దానిలోకి పోవాల్సింది, ఏడో దానిలోది పొంగుకుంటూ నాలోకి వచ్చింది. కోమలి ముస్తాబు చేసిన పెళ్లికూతురు నాలోంచి చెరిగిపోయింది. నాగవ్వ వచ్చి నాలో కూర్చుంది.

తెర చూసి కోమలి నెత్తిన చేయి పెట్టుకుంది. "అయ్యో, ఉల్టా నొక్కిన! మొత్తం పాయె!"

అన్నానికి పిలవడానికి వచ్చిన పోలమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "మా అమ్మ పాయెనా మేడమ్?"

"మీ అమ్మ ఏంది, ఎక్కడ?"

"అండ్లనే. పోయినేడు సచ్చిపోయింది. ఫోటో సుత లేదు. గిన్నెలు కడిగినంక పిల్లలు పాట పెడ్తరు, వింట. పొద్దుగాల మీకు చెప్తి గద!"

కోమలి అక్కడే ఉన్న లింగమూర్తి వైపు తిరిగింది. "సారు అన్నీ ఆటలే అన్నరు..."

"మా అమ్మ మీకు ఆటయ్యిందా సారూ?"

లింగమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. కోమలి ఏడో కంప్యూటర్‌లో చెరగకుండా మిగిలిన పాటను వెతికి పట్టుకుంది. నాగవ్వ పాడింది, దగ్గింది, పొండ్రి అంది. పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పటికే సిద్ధమైన ఒకటో కంప్యూటర్ నుంచి కోమలి కొత్త ఇమేజి తీసుకుంది. తీసేముందు పాటను అందులో చేర్చాలనుకుంది. "అన్ని బడులకూ పోతది. సమ్మతమేనా అక్కా?" అని అడిగింది.

"బతికినన్నాళ్లు ఊరు దాటలే. తిరగనియ్యండ్రి."

అన్నీ ఒకేలా ఉండాలన్నాం గదా, ఈ పాట ఏమిటని తర్వాత పై అధికారి గద్దించాడు. కోమలి తడుముకోలేదు. "ఒకేలనే ఉన్నయ్ సార్, అన్నింట్లనూ ఉన్నది. స్పీకర్లు పనిజేస్తున్నయా లేవా చూసేటందుకు." ఆయన ఆలోచించి, అయితే పేరు మార్చమన్నాడు. అప్పటి నుంచి దాని పేరు 'శబ్ద పరీక్ష'.

ఇప్పుడు నాకు వయసైపోయింది, లోపల కరకరమంటోంది. నాలోది కొత్త డిస్కుకు అప్పగించి నన్ను సొరుగులో పడేశారు. అయినా కుదురు రాలేదు. పాట తిరుగుతోంది గానీ పాడిన మనిషి పేరు ఎక్కడా రాసిలేదు. మీ బడిలో స్పీకరు పెట్టగానే ఒక ముసలామె పాట ఎత్తుకుని మధ్యలో దగ్గితే నవ్వకండి. ఆమె నాగవ్వ, పోలమ్మ వాళ్లమ్మ అని పక్క పిల్లకు చెప్పండి. ఆ పిల్లను ఇంకొకరికి చెప్పమనండి.