ముదురు పచ్చ

సంచి అడుగున లుంగీ, దాని మీద తువ్వాలు, ఆ పైన ఆదివారం చర్చికి తప్ప తొడగని తెల్లచొక్కా. విశ్రాంతమ్మ ఆ చొక్కాను లోపల పెట్టబోయి, ఒకసారి ముక్కు దగ్గర పట్టుకుని వాసన చూసింది. ఉతికిన సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. పళ్లపొడి, చిన్న బైబిలు మొగుడు ఏసయ్యే తెచ్చి ఇచ్చాడు. ఇక కుంచెలు వస్తాయని ఆమె సంచి మూతి తెరిచి పట్టుకుని కూర్చుంది. రాలేదు.

“కుంచెలేవయ్యా?”

“ఆడ వాళ్లే ఇస్తరంట.”

“ఒకరి కుంచె ఇంకొకరి చేతికి రాదంటివి గదా నువ్వే.”

“నీ అనుమానం పాడుగాను. లోకమంతా...” అని ఏదో సామెత అందుకుని, ఏసయ్య మధ్యలోనే నోరు కట్టేసుకున్నాడు. సంచి లాక్కుని తాడు బిగించాడు.

బూర్గంపాడులో ఏసయ్యను చూసినవాళ్లకు ప్రత్యేకంగా గుర్తుండేది ఏమీ లేదు. సన్నటి మనిషి, నిచ్చెన మోసి మోసి ఒక భుజం కొంచెం దిగి ఉంటుంది. ఒకప్పుడు సున్నాలు వేసేవాడు. తర్వాత డిస్టెంపరు వచ్చింది, ఇప్పుడు డబ్బాల్లో ప్లాస్టిక్ రంగులు వచ్చాయి. ఏ రంగుకైనా ముందు గుంతలు పూడ్చే లప్పం పెట్టి, గోడను గరుకు కాగితంతో రుద్దేది విశ్రాంతమ్మే. పెళ్లయిన నాటి నుంచీ ఆమె రుద్దని గోడకు అతను రంగు వేసి ఎరగడు. ఇప్పుడు ఖమ్మంలో ఏదో పని దొరికిందంటాడు. ఒక్కడే పోతానంటాడు. ఎవరి ఇల్లని అడిగితే పెద్ద ఇల్లంటాడు.

బస్సెక్కిన మనిషిని విశ్రాంతమ్మ నమ్మదు. అమ్మ మిరప కోతలకని బస్సెక్కి మళ్లీ రాలేదు. తమ్ముడు సుకుమార్ కామెర్లతో ఖమ్మం దవాఖానాకు పోయాడు, వాణ్ని చాపలో చుట్టి తెచ్చారు. మిగిలింది ఈ ఒక్క మనిషి. ఇతనూ పోతే ఆ ఇంట్లో మాట్లాడటానికి గోడలే మిగులుతాయి.

పైగా కొన్నాళ్లుగా అతని వాలకం ఆమెకు అంతు పట్టడం లేదు. చేపల పులుసంటే చెయ్యి కడుక్కుని కూర్చునేవాడు, ఇప్పుడు ఆకలి లేదని లేచిపోతున్నాడు. ఇంట్లో తినని మనిషి ఎక్కడో తింటున్నట్టే కదా. తెల్లవారకముందే బయటికి పోయి ఎప్పుడో వస్తాడు. దగ్గరికి వస్తే నోటి నుంచి ఏదో చేదువాసన. కల్లు కాదు, సారా కాదు. అడిగితే వేపపుల్ల అంటాడు.

సంచి వెంటేసుకుని పనికి పోతూ, ఆటోలో వంతెన దాటుతున్నంతసేపూ ఏసయ్య ఆమె వైపు తిరగలేదు. తల పక్కకు పెట్టి గోదావరినే చూశాడు.

భద్రాచలంలో వాళ్లు పని చేస్తున్నది నర్సు జెస్సికా కొత్త ఇల్లు. మధిర దిక్కు మనిషి. పెళ్లి మాట ఎత్తితే నవ్వేసి, ఒంటరిగా ఉద్యోగం చేసుకుంటూ ఇల్లు కట్టుకుంది. ఆ నవ్వే విశ్రాంతమ్మకు నచ్చదు. గేటు తీస్తూనే, “రా ఏసయ్యన్నా. ప్రార్థనలో పిలిస్తే పలకవు గానీ పనికి పిలిస్తే టయానికి వస్తావు,” అంది జెస్సికా. ఏసయ్య మొహం విచ్చుకుంది. ఇంట్లో ఆ మొహం చూసి ఎన్నాళ్లయిందో.

మొదట్లో ఈ ఇంట్లో ఒక గొడవ జరిగింది. హాలుకు పచ్చరంగు వెయ్యమని జెస్సికా చెప్పి డ్యూటీకి వెళ్లింది. సాయంత్రం వచ్చి చూస్తే పెద్ద గోడ పసుపు పూసినట్టుంది.

“పచ్చ వెయ్యమంటే ఇదేంటన్నా?”

“పచ్చనే గదమ్మా.”

“పచ్చంటే చెట్ల పచ్చ. మా వైపు అంతే.”

“మా దిక్కు అది ఆకుపచ్చ. పచ్చంటే పచ్చనే.”

ఇద్దరూ గోడ ముందు నిలబడి కడుపు పట్టుకుని నవ్వారు. విశ్రాంతమ్మ ఒక్కతే నవ్వలేదు. చివరికి ఆ ఒక్క గోడను అలాగే ఉంచుదామని ఏసయ్య ఒప్పించాడు. మిగతా మూడింటికి మీగడ రంగు, కప్పుకు తెలుపు. “ఒక గోడ మాట్లాడుతుంటే మూడు గోడలు వినాలె సిస్టరమ్మా. నాలుగూ మాట్లాడితే ఇంట్ల ఉండలేం,” అన్నాడు. మీగడ రంగులో కూడా ఆ పచ్చనే బొట్టు బొట్టుగా కలిపాడు, గోడలకు చుట్టరికం కుదరాలని. అట్టముక్క మీద పూసి కిటికీ దగ్గర ఒకసారి, చీకటి మూలన ఒకసారి పట్టి చూశాడు. పడమటి ఎండ పడితే పచ్చ ఇంకా మండుతుందని తలుపు పక్క గోడకు కొంచెం బూడిదరంగు కలిపి చల్లార్చాడు. ఇంత ఓపిక తన కోసం ఎప్పుడైనా పెట్టాడా అని విశ్రాంతమ్మ గోడ రుద్దుతూ లెక్క వేసుకుంది. వాళ్ల సొంత ఇల్లు ఇప్పటికీ వట్టి సున్నమే.

సంచి తెచ్చిన రోజున నిచ్చెన దిగుతున్నప్పుడు అతని మొహం సూటిగా ఆమె ముందుకు వచ్చింది.

“నీ కండ్లేంది గట్లున్నయి?”

“గోడ నీడ. నీ చేతులు చూస్కో.”

చూసుకుంది. నిజమే, తన చేతులూ పచ్చగానే ఉన్నాయి. తెల్ల బకెట్టూ పచ్చగానే ఉంది. ఆ గోడ పక్కన తెలుపన్నది ఏదీ నిలవదు.

మధ్యాహ్నం ఆమె బకెట్టు కడగడానికి పెరట్లోకి పోయింది. వంటింటి కిటికీ తెరిచి ఉంది. లోపల ఏసయ్యకు జెస్సికా మజ్జిగన్నం పెడుతోంది. అంటే ఆకలి ఉంది. ఇక్కడే ఉంది. విశ్రాంతమ్మ కొళాయి కట్టేసి నిలబడింది.

“పచ్చ బాగా ముదిరిందన్నా. ఇంకా చూస్తూ కూర్చుంటే కాదు,” జెస్సికా గొంతు తగ్గించి అంటోంది.

“అవ్. నాకూ తెలుస్తుంది.”

“ఇవాళే ఖమ్మం వెళ్లు. నేను ఫోన్ చేసి చెప్పి ఉంచాను. వదినకు చెప్పావా?”

“చెప్పలే. చెప్తే పోనియ్యదు.”

విశ్రాంతమ్మ బకెట్టు అక్కడే వదిలేసి హాల్లోకి వచ్చింది. గోడ ముందు నిలబడి పైనుంచి కిందికి చూసింది. రంగు ఆరిపోయి, నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. గోడ ముదరలేదు. మరి ముదిరింది ఏది? వాళ్లిద్దరి సంగతే. రంగు మాటల చాటున దాచుకుని మాట్లాడుకుంటున్నారు.

ఆమె గరుకు కాగితం తీసుకుని, అప్పటికే నున్నగా ఉన్న తలుపు చట్రాన్ని రుద్దుతూ కూర్చుంది. కాసేపటికి ఏసయ్య స్నానాల గదిలోకి వెళ్లి తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. విప్పిన పనిచొక్కాను కిటికీ ఊచకు తగిలించి సంచి భుజాన వేసుకున్నాడు. వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

“విశ్రాంతీ, పోయొస్త.”

“పో.”

“ఒట్టి పో అనేనా? పోయి రా అనవా?”

“రావాలనుంటే వస్తవు. నేనంటే వస్తవా?”

అతను నవ్వాడో, దగ్గాడో ఆమె తిరిగి చూడలేదు. గేటు చప్పుడైంది.

ఎండ పడమటికి వాలాక జెస్సికా టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. “అన్న ఏడి వదినా? ఒక్కడే వెళ్లాడా? నువ్వు తోడు వెళ్లలేదా?”

“తోడెందుకు? పనికే గద పోయింది. నీకు తెల్వనిదా?”

జెస్సికా ఆమెనే చూస్తూ కింద కూర్చుని ఆమె చేతిలోని కాగితం తీసుకుంది.

“పని కాదు వదినా. దవాఖానాకు. కామెర్లు. ఇన్నాళ్లూ ఎవరిదో ఆకు పసరు తాగి దాచుకున్నాడు. నీ తమ్ముడి సంగతి చెప్పి, నీకు చెప్పొద్దని నా దగ్గర ఒట్టేయించుకున్నాడు. నువ్వు చూళ్లేదా, కళ్లల్లో పచ్చ అంత ముదిరిపోతే?”

విశ్రాంతమ్మ బస్టాండుకు పోయేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోయింది. తెల్లవారి బస్సుకు ఖమ్మం చేరింది. తెల్లగోడల వార్డులో అతని కళ్లు దూరం నుంచే కనిపించాయి.

“పొమ్మంటివి. నువ్వే వచ్చినవా?” అన్నాడు ఏసయ్య.

“నువ్వు రావని వచ్చిన,” అంది ఆమె. అతను చెయ్యి చాపి ఆమె వేళ్లు పట్టుకున్నాడు. లప్పం తెల్లదనం ఆ గోళ్లలో ఇంకా ఉంది. రోజులు గడిచేకొద్దీ అతను ఆమెను గుర్తుపట్టడం మానేశాడు. అతను పోయాక అక్కడి చర్చి వాళ్ల స్థలంలోనే మట్టి చేశారు.

జెస్సికా ఇంటి కిటికీ ఊచకు పనిచొక్కా తగిలించినట్టే ఉంది. బడుల నీలం, చర్చిల తెలుపు, ఎవరెవరి వాకిళ్ల ఎరుపో, అన్నీ దాని మీద చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. దాన్ని తీసుకుపొమ్మని విశ్రాంతమ్మకు ఎవరూ చెప్పలేదు. ఏసయ్య ఖమ్మం నుంచి తిరిగి రాలేదు. రెండువేల నాలుగు, నవంబరు నెల.