గొట్టం లోపలి తెల్లపొర

భర్త పోయాక ఆమె మళ్ళీ పనిలోకి వెళ్ళిన మొదటి వారంలోనే ఆ ఫోను వచ్చింది. చేసింది వేరే విశ్వవిద్యాలయంలో బ్యాటరీల మీద పరిశోధన చేసే ఒకావిడ. ముందు పరామర్శించింది. తర్వాత కాసేపు నసిగింది.

"ఏమీ అనుకోకండి. సార్ పేపర్లో రాసినట్టే చేస్తున్నామండీ. అదే పొడి, అదే వేడి. మాకు మాత్రం రావట్లేదు. రాయకుండా వదిలేసిన చిట్కా ఏదన్నా ఉందేమో, మీకు తెలుసేమోనని..."

"చూసి చెప్తానండీ," అంది ఆమె. ఏం చూడాలో మాత్రం ఆమెకు తెలియలేదు.

భార్యాభర్తలిద్దరిదీ ఒకే డిపార్ట్‌మెంటు. అతనిది బ్యాటరీల గది, ఆమెది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గది, మధ్యలో ఒక వరండా. లిథియం ఖరీదు, అన్ని చోట్లా దొరకదు. అందరి వంటింటి ఉప్పులోనూ ఉండే సోడియంతో బ్యాటరీ చేయగలిగితే, పగటి ఎండతో పుట్టిన కరెంటును చవగ్గా దాచుకోవచ్చని అతని పట్టుదల. సోడియం వచ్చి ఇమిడేందుకు తగిన చోటు దొరకడమే చిక్కు. అందుకోసం చక్కెరను గాలి సోకకుండా కొలిమి వేడికి కరగని ఒక పొడవాటి గాజు గొట్టంలో పెట్టి, కొలిమిలో కాల్చి, బొగ్గుపొడి చేసేవాడు. ఆ పొడిలో కంటికి ఆనని సందులుంటాయి. సోడియం వాటిలోకి చేరాలి.

ఏళ్ళ తరబడి ఫలితం అంతంత మాత్రంగానే వచ్చింది. ఒక వేసవిలో ఉన్నట్టుండి ఎగిసింది. అతని బ్యాటరీ మిగతావాళ్ళ వాటికన్నా చాలా ఎక్కువ కరెంటు దాచుకుంది. ఎన్నిసార్లు నింపి ఖాళీ చేసినా డీలా పడలేదు. పేపర్ అచ్చయింది. అందులోని మైక్రోస్కోపు ఫోటోలన్నీ ఆమె తీసినవే. పేపర్ మీద రెండో పేరు ఆమెది. ఆ కొద్ది నెలలూ అతని కాళ్ళు నేలమీద ఆనలేదు. తర్వాత ఒక మామూలు మధ్యాహ్నం డిపార్ట్‌మెంటు మెట్లెక్కుతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. మళ్ళీ లేవలేదు.

ఫోను వచ్చిన మర్నాటి నుంచి ఆమె అతని గది తలుపు తీసి, అతను చేసినట్టే చేయడం మొదలుపెట్టింది. పొద్దున మైక్రోస్కోపు దగ్గర తన పని, మధ్యాహ్నం నుంచి కొలిమి దగ్గర అతని పని. చక్కెర కాల్చింది, పొడి నూరింది, చొక్కా గుండీ అంత చిన్న డబ్బీల్లో పెట్టి బిగించి పరీక్షయంత్రానికి తగిలించింది. ఫలితం రాలేదు. మళ్ళీ చేసింది. రాలేదు. అతని విద్యార్థులు అప్పటికే వేరే వాళ్ళ దగ్గర చేరిపోయారు. గదిలో కొలిమి చప్పుడు, ఆమె చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేవు. ఒక్కోసారి తనలో తానే పైకి మాట్లాడుకుంటోందని గమనించి నోరు మూసుకునేది.

ఈలోగా మాట పాకింది. ఇంకో రెండు చోట్ల కూడా రాలేదట. క్యాంటీన్‌లో ఆమె ట్రే పట్టుకుని వస్తే మాటలు ఆగిపోయేవి. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, మరీ మర్యాదగా జరిగి చోటిచ్చేవాళ్ళు. ఆ మర్యాదే ఆమెకు మింగుడుపడేది కాదు. కొన్నాళ్ళకు టీ కూడా తన గదిలోనే కాచుకోవడం అలవాటు చేసుకుంది.

ఒకరోజు డిపార్ట్‌మెంటు హెడ్డు పిలిపించాడు. పెద్దాయన, మంచివాడే. కుర్చీ చూపించి, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"చూడమ్మా, పేపర్ అచ్చేసిన పత్రికవాళ్ళు వివరణ అడుగుతున్నారు. ఏం రాయమంటావు?"

"ఆయన అంకెలు మార్చలేదు సార్."

"మార్చాడని నేనన్నానా?"

"మీరు అనలేదు. అందరూ అనుకుంటున్నారు. ఫోటోలు నేనే తీశాను కాబట్టి నాకూ భాగముందని అనుకుంటున్నారు."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "కొంత గడువు అడుగుతాలే," అన్నాడు.

ఇంట్లో ఉండేది ఆమే, అత్తగారూ. అత్తగారు ఒకప్పుడు చేతికుట్టు నేర్పేది. ఇప్పుడు చూపు తగ్గి, సూదిలో దారం కోడలే ఎక్కించి పెడుతోంది. ఇద్దరి మధ్యా పొరపొచ్చాలేమీ లేవు గానీ మాటలు తక్కువ. కొడుకు ఉన్నంతకాలం ఇద్దరూ అతనితోనే మాట్లాడేవాళ్ళు. ఒకరి సంగతి ఒకరికి అతని నోటే తెలిసేది. ఇప్పుడు ఆ మధ్యవర్తి లేడు. అన్నం దగ్గర "ఇంకొంచెం వేయనా?", "చాలు" తప్ప వేరే మాట ఉండేది కాదు.

అలాంటిది ఒక సాయంత్రం ఆమె ఇంకా చెప్పులు విప్పకముందే అత్తగారు అడిగింది.

"పొద్దున మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. వాడు లెక్కలు కల్పించి రాశాడని మీ వాళ్ళంతా అనుకుంటున్నారట కదా. నిజమేనా?"

"అనుకోవడం నిజమే అత్తయ్యా."

"నేనడిగింది అది కాదు. వాడు చేశాడా?"

"లేదు."

"చూశావా నువ్వు? పక్కనుండి చూశావా?"

ఫోటోలు తీసింది తను. అంకెలు రాసింది అతను. "చూడలేదు," అంది చివరికి. "కానీ నాకు తెలుసు."

"నాకూ తెలుసు," అంది అత్తగారు. "మనకు తెలిస్తే సరిపోదుగా." లేచి గోడ పట్టుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. అబద్ధం ఆడాడేమోనన్న అనుమానం తన మనసులోనూ ఏదో మూల ఉందని అప్పుడే తెలిసొచ్చింది. దాన్ని బయటికి లాగి చూసుకోవడానికి పక్కన మనిషి లేడు. ఉండాల్సిన మనిషి అతనే.

కొలిమికి కొత్త బిగింపు రింగు కావలసొచ్చి, వారం తర్వాత ఆమె డిపార్ట్‌మెంటు స్టోరు గదిలో వెతుకుతోంది. పాత పంపులు, విరిగిన బల్లల వెనక, కాగితంలో చుట్టి ఒక గాజు గొట్టం ఉంది. పగిలిన గొట్టం. అతను పోవడానికి కొద్ది రోజుల ముందే అది బీటలు వారితే, దాన్ని తీసేసి కొత్తది బిగించిన సంగతి ఆమెకు తెలుసు. గొట్టం పగలడం ఆ పనిలో మామూలే గనక ఎవరూ పట్టించుకోలేదు. ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి వెలుతురుకు పట్టి చూసింది. చివర్ల దగ్గర, లోపలి గోడకు తెల్లగా, పలచగా ఏదో పొర అంటుకుని ఉంది.

చక్కెర కాలిస్తే నల్లగా మసి పడుతుంది గానీ తెల్లపొర ఎందుకు పడుతుంది?

చెంచా కొసతో గీకి, రాలిన పొడిని, అందులో ఏ మూలకం ఉందో కూడా పట్టి చెప్పే తన మైక్రోస్కోపు కింద పెట్టింది. జింకు.

ఆ గొట్టం అంతకుముందు ఎవరు వాడారో కనుక్కోవడానికి పెద్ద కష్టం కాలేదు. ఎలక్ట్రానిక్స్ విభాగం కుర్రాళ్ళు వాసన పసిగట్టే సెన్సర్ల కోసం అందులో జింకు ఆక్సైడుతో వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని తీగలు పెంచారట. పని అయిపోయాక, ఫలితం ఎగిసిన ఆ వేసవికి కాస్త ముందు, గొట్టం కడిగి, అవసరమైతే వాడుకోమని అతనికి ఇచ్చారట. ఆ కడగడం సరిగ్గా కడగలేదు.

ఆమె వరండాలో నిలబడి అంతా మనసులో పేర్చుకుంది. కొలిమి వేడికి ఆ జింకు ఆవిరై, కాలుతున్న చక్కెరలో దూరింది. బొగ్గులో చిన్న చిన్న గదులు తొలిచి, ఇంకా వేడెక్కేసరికి తానే ఎగిరిపోయింది. సోడియం వెళ్ళి ఆ గదుల్లో చేరింది. పొడిలో జింకు జాడ మిగల్లేదు గనక మైక్రోస్కోపులో ఎవరికీ కనబడలేదు, తనకూ కనబడలేదు. కొత్త గొట్టంలో జింకు లేదు. మిగతా విశ్వవిద్యాలయాల గొట్టాల్లోనూ లేదు.

అనుకోవడం వేరు, చూపించడం వేరు. మర్నాడు చక్కెరలో చిటికెడు జింకు ఆక్సైడు కలిపి కాల్చింది. మొదటిసారి ఎక్కువైంది, పొడి పేలపిండిలా తేలిపోయింది. తగ్గించింది. ఇంకా తగ్గించింది. నెల తిరిగేసరికి పరీక్షయంత్రం తెర మీద గీత పైకి లేచింది. అతని పేపర్లో ఉన్నంత ఎత్తు రాలేదు గానీ దాదాపు అక్కడికి వచ్చింది. ఆమె తెర వంక చూస్తూ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "వచ్చింది," అని పైకే అంది. ఈసారి నోరు మూసుకోలేదు.

హెడ్డు అంతా విని చాలాసేపు తల ఊపాడు.

"గొప్ప పని చేశావమ్మా. నా మాట విను. దీన్ని కొత్త పేపర్‌గా నీ పేరు మీద వేసుకో. పాతదాని జోలికి పోకు. కొన్నాళ్ళకి అందరూ మర్చిపోతారు."

"అప్పుడు ఆయన సంగతి అలాగే ఉండిపోతుంది సార్."

"మరి నువ్వు రాసేదేంటి? ఆయన చెప్పిన కారణం తప్పనేగా? సందులు వేడి వల్లే వచ్చాయని ఆయన పేపరంతా వాదించాడు. నీ మొగుడు తప్పు చేశాడని నువ్వే లోకానికి చాటుతావా?"

"చాటుతాను సార్. పొరబడ్డాడని తేలితేనే అబద్ధం ఆడలేదని తేలుతుంది."

ఆమె వెళ్తుంటే ఆయన లేచి తలుపు దాకా వచ్చాడు.

పాత పేపర్‌ను వెనక్కి తీసుకుంటున్నామని, అంకెలు నిజమేనని, చెప్పిన కారణమే తప్పని, అసలు కారణం ఇదని పత్రికకు రాసింది. కింద రెండు పేర్లూ పెట్టింది. అతని పేరు పక్కన, చనిపోయిన రచయితలకు వేసే చిన్న గుర్తు వేయాల్సి వచ్చినప్పుడు కుర్చీలోంచి లేచిపోయింది. టీ కాచుకుని, తాగి, అప్పుడు వేసింది.

అది అచ్చయిన చాలా రోజులకు, మొదట ఫోన్ చేసినావిడ మళ్ళీ చేసింది. గొంతు పొంగిపోతోంది.

"వచ్చిందండీ! మాకూ వచ్చింది! ఇవాళే. ముందు మీకే చెప్తున్నా."

"చాలా సంతోషమండీ," అంది ఆమె. ఫోను పెట్టేశాక వరండాలో అటూ ఇటూ చూసింది. విద్యార్థులు నవ్వుకుంటూ పోతున్నారు. ఒకళ్ళిద్దరు "నమస్తే మేడమ్" అన్నారు. క్యాంటీన్‌లో మాటలు ఆగడం ఎప్పుడో మానేశాయి. అయినా ఆమె అక్కడికి వెళ్ళడం మళ్ళీ మొదలుపెట్టలేదు.

ఇంటికెళ్ళి అత్తగారికి చెప్పింది. అన్నం దగ్గర ఎదురుగా కూర్చుని, మొదటి నుంచీ, గొట్టం, తెల్లపొర, ఆవిరి, అన్నీ విడమరిచి చెప్పింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడతో ఒక్క బిగిన అంతసేపు మాట్లాడటం అదే మొదలు. అత్తగారు మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక అంది.

"అయితే వాడు చెప్పింది తప్పు, చూసింది నిజం."

"అవును అత్తయ్యా."

"వాడే ఉండి, నువ్వొచ్చి ఇది చెప్పుంటే ఒప్పుకునేవాడా?"

"మీ అబ్బాయా? రెండు రోజులు నాతో మాట్లాడేవాడు కాదు. మూడో రోజు తనే కనిపెట్టినట్టు వచ్చి నాకే చెప్పేవాడు."

అత్తగారు ఫక్కున నవ్వింది. "చిన్నప్పుడూ అంతే," అంటూ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వు తగ్గుతుంటే ఇద్దరి చూపూ, ఇక మాట అందుకోవాల్సింది అతనే అన్నట్టు, మూడో కుర్చీ వైపు పోయింది. తర్వాత అత్తగారు పళ్ళెం ఆమె ముందుకు జరిపి, "తిను, చల్లారిపోతుంది," అంది.